‘ఇవాళ ఎగరం’ అని ఎవరు చెప్పాలి?

2024 ఫిబ్రవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని కుల్లూ దగ్గర డోభీలో ట్యాండెమ్ పారాగ్లైడింగ్‌కు వెళ్లిన తెలంగాణ యువతి ఒకరు గాల్లోంచి పడి చనిపోయారు. ఆమెకు 26 ఏళ్లు. అప్పుడు అక్కడి పర్యాటక అధికారులు చెప్పిన సంగతులు ఇక్కడ రెండు రోజులు వార్తగా నిలిచి మరుగున పడ్డాయి. నిజానికి మనం నేర్చుకోవాల్సింది వాటిలోనే ఉంది. ఎగిరిన స్థలానికి అనుమతి ఉంది. సామగ్రికి ఆమోదం ఉంది. పైలట్ పేరు రిజిస్టరులో ఉంది. వాతావరణం కూడా బాగానే ఉంది. ప్రాథమికంగా చూస్తే ఇది మానవ తప్పిదమనీ, ప్రయాణికురాలి బెల్టులను పైలట్ సరిగా చూసుకోలేదనీ వారు చెప్పారు. పైలట్‌ను అరెస్టు చేశారు. అంటే మన దగ్గర ఏ ప్రమాదం జరిగినా ముందుగా వినిపించే ‘అనుమతి లేదు, లైసెన్సు లేదు’ అన్న మాటకు అక్కడ చోటు లేదు. కాగితాలన్నీ ఉండగానే ప్రాణం పోయింది. కాగితానికీ టేకాఫ్‌కూ మధ్య ఉండే చివరి నిమిషంలో ఆ పైలట్‌ను ఎవరూ ఆపలేదు.

ఈ విషయం ఇప్పుడు ఉత్తర తెలంగాణలో మాట్లాడుకోవడానికి కారణం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2025-30 కాలానికి పర్యాటక విధానం తెచ్చింది. కరీంనగర్‌లో దిగువ మానేరు జలాశయం, 2023లో మొదలైన తీగల వంతెన, ఎలగందుల కోట కలిసి ఇప్పటికే ఒక సందర్శన వలయంగా మారుతున్నాయి. ఆదిలాబాద్ వైపు కుంటాల, పొచ్చెర జలపాతాలు, నిర్మల్ దాటగానే మహబూబ్ ఘాట్, ఆసిఫాబాద్ దారిలో కెరమెరి ఘాట్ ఉన్నాయి. గాయత్రి జలపాతం దగ్గర తాళ్లతో కొండ దిగే ర్యాపెలింగ్ కూడా జరుగుతోంది. నీళ్ల మీద పడవ, రాతి మీద తాడు వచ్చాక తర్వాతి ఆకర్షణ ఆకాశమే. దాన్ని వద్దనాల్సిన పని లేదు. ఈ వ్యాసం వాదన ఒక్కటే. ట్యాండెమ్ ప్రయాణికుడి ప్రాణాన్ని కాపాడేది ‘ఇవాళ ఎగరం’, ‘ఈ వింగ్ ఇక పనికిరాదు’ అనే రెండు నిర్ణయాలు. టికెట్ అమ్ముడుపోతేనే పూట గడిచే మనిషి చేతిలో ఆ రెండు నిర్ణయాలనూ వదిలేస్తే ఎంత మంచి నిబంధన రాసుకున్నా నిలవదు. కాబట్టి కరీంనగర్, ఆదిలాబాద్‌లలో తొలి టికెట్ చింపేలోగానే ఆ అధికారాన్ని సంపాదన నుంచి విడదీయాలి.

ట్యాండెమ్ అంటే ఒకే వింగ్ కింద ఇద్దరు వేలాడటం. ముందు ప్రయాణికుడు, వెనక పైలట్. దాదాపు 40 చదరపు మీటర్ల గుడ్డ, దాని నుంచి దిగే సన్నటి దారాలు, ఆ దారాలు కలిసే పట్టీలు, పట్టీలకు కారబైనర్లతో తగిలించిన రెండు హార్నెస్‌లు. యంత్రం లేదు, చట్రం లేదు. గాలి లోపలికి దూరి నిండితేనే దానికి రెక్క ఆకారం వస్తుంది. ఒంటరిగా ఎగిరేవాడు తన బెల్టు తానే బిగించుకుంటాడు, తన వింగ్ వయసు తనకు తెలుసు, గాలి తేడాగా ఉంటే బస్సెక్కి ఇంటికి పోతాడు. ట్యాండెమ్‌లో ముందు కూర్చునే మనిషికి ఇవేవీ తెలియవు. మన పల్లెల్లో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు పొద్దున్నే మోకును చేత్తో తడిమి చూసుకుంటాడు. ఎందుకంటే దాని మీద వేలాడేది తానే. ట్యాండెమ్ ప్రయాణికుడు తాను ఎన్నడూ తడిమి చూడని మోకు మీద వేలాడుతున్నాడు. అంతటి అనుభవం ఉన్న గీత కార్మికులే జారిపడుతున్నారని గుర్తించి ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చెట్టెక్కేవారికే కిట్టు అవసరమైనప్పుడు, జీవితంలో మొదటిసారి గుట్ట అంచు మీద నిలబడే పర్యాటకుడి విషయంలో పైలట్ అనుభవాన్ని మాత్రమే నమ్ముకోవడం న్యాయం కాదు.

ముందు వింగ్ సంగతి చూద్దాం. యూరప్ ప్రమాణాల ప్రకారం అమ్మకానికి వచ్చే పారాగ్లైడర్ తన గరిష్ఠ బరువుకు ఎనిమిది రెట్ల భారాన్ని తట్టుకోవాలి. అందుకే కొత్త వింగ్ చిరిగి ఎవరైనా పడిపోవడం చాలా అరుదు. అసలు సమస్య పాతబడటంలో ఉంది. అది కంటికి ఆనదు. రిప్‌స్టాప్ నైలాన్ గుడ్డ మీద గాలి దూరకుండా సన్నటి పూత ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఇసుక రాపిడి, తడిగా మడిచి దాచిన సంచిలో పట్టే బూజు ఆ పూతను తినేస్తాయి. గుడ్డ రంగు బాగానే ఉంటుంది, చిరుగూ కనిపించదు, కానీ దాని గుండా గాలి కారిపోతుంటుంది. దీన్ని పట్టడానికి చిన్న పరికరం ఉంది. కొంత గాలి గుడ్డలోంచి దూరడానికి ఎన్ని సెకన్లు పడుతుందో అది కొలుస్తుంది. ఆ సెకన్లు ఏటేటా తగ్గుతుంటే గుడ్డ ముసలిదవుతున్నట్టు లెక్క. అలాంటి వింగ్ టేకాఫ్‌లో బద్ధకంగా పైకి లేస్తుంది. గాల్లో అది విచ్చుకునే ఉంటుంది గానీ ముందుకు సాగడం మానేసి నిట్టనిలువుగా దిగే స్థితిలోకి జారవచ్చు. కింద నుంచి చూసేవారికి అప్పుడు కూడా రంగుల రెక్క అందంగానే కనిపిస్తుంది.

దారాల కథ ఇంకా సూక్ష్మం. ఇద్దరి బరువులో ఎక్కువ భాగం మోసేవి ముందు వరస దారాలు. అవి ఏళ్ల తరబడి లాగుడుకు కొంచెం సాగుతాయి. వెనక వరసల మీద భారం తక్కువ. వాటిలో డైనీమా వంటి దారాలు వాడితే అవి కాలక్రమంలో కుంచించుకుపోతాయి. ముందు సాగి వెనక ముడుచుకుంటే రెక్క గాలిని ఎదుర్కొనే కోణం మారిపోతుంది. వేగం తగ్గి ‘స్టాల్’కు, అంటే రెక్క తేలే బలం కోల్పోయే స్థితికి దగ్గరవుతుంది. ఇదంతా సెంటీమీటర్ల లెక్కలో జరిగే మార్పు కాబట్టి దారాలను ఒక్కొక్కటిగా భారం వేసి కొలిస్తే తప్ప ఏ పైలట్ కంటికీ దొరకదు. కెవ్లార్ జాతి దారాలు బలమైనవే కానీ పదేపదే మడత పడితే, ఎండ తగిలితే లోలోపల బలం కోల్పోతాయి. అందుకే తయారీదారులు ఏడాదికో రెండేళ్లకో, లేదంటే ఇన్ని గంటలు ఎగిరాకనో తనిఖీ తప్పనిసరి అంటారు. జర్మనీలో రెండేళ్లకోసారి తనిఖీ చేయించడం పద్ధతి. వారాంతాల్లో సరదాకు ఎగిరేవారి వింగ్‌కు అది సరిపోవచ్చు. రోజుకు ఆరేడు సార్లు ప్రయాణికులను ఎక్కించుకునే వింగ్ వంద గంటలను ఒక్క సీజన్‌లోనే దాటేస్తుంది. పైగా ఎగిరే పది నిమిషాలకు ముందు, తర్వాత అది గుట్ట మీద ఎండలో పరిచి ఉంటుంది. ఆదిలాబాద్ ఎండ ఎలాంటిదో కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

తనిఖీకి పంపిన వింగ్ వారం పది రోజులు సంపాదించదు. తనిఖీలో ఫెయిలైతే లక్షల ఖర్చుతో కొత్తది కొనాలి. పండుగ సెలవుల్లో జనం బారులు తీరినప్పుడు ‘ఇంకో నెల నడుపుదాం’ అనుకోవడం యజమాని దుర్మార్గం కానక్కర్లేదు, చిన్న వ్యాపారి సహజ బలహీనత. వింగ్ అదుపు తప్పినప్పుడు ఆఖరి ఆధారంగా విసిరే రిజర్వ్ పారాచూట్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. మడిచి పెట్టిన పారాచూట్ పొరలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా, తేమ పట్టకుండా ఆరు నెలలకో ఏడాదికో విప్పి, ఆరబెట్టి, తిరిగి మడవాలి. అది ఎన్నడూ వాడనిది కాబట్టి మరిచిపోవడం కూడా తేలికే. ఇలాంటి బలహీనతను ఉపదేశంతో పోగొట్టలేం. వింగ్ ఏ నెలలో పుట్టింది, ఎన్ని గంటలు ఎగిరింది, ఎప్పుడు ఎవరు కొలిచారు, రిజర్వ్ చివరిసారి ఎప్పుడు మడిచారు అన్న నాలుగు వివరాలు టికెట్ కౌంటర్ గోడ మీద కనిపించేలా పెట్టిస్తే పోగొట్టవచ్చు. లారీకి ఫిట్‌నెస్ గడువు ఉన్నట్టే వింగ్‌కూ గడువు ఉండాలి. గడువు దాటిన వింగ్‌ను పక్కన పెట్టించే అధికారం దాని యజమాని చేతిలో మాత్రం ఉండకూడదు.

ఇక హార్నెస్. ప్రయాణికుడి రెండు కాళ్ల చుట్టూ, ఛాతీకి అడ్డంగా పట్టీలు బిగించాలి. కాళ్ల పట్టీలు మరిచిపోతే నేల మీద ఏ తేడా తెలియదు. నిలబడి ఉన్నంతసేపు హార్నెస్ ఒంటి మీదే ఉంటుంది. పాదాలు నేల విడిచాక మాత్రం మనిషి కిందికి జారిపోతాడు. ఈ పొరపాటు ప్రపంచమంతటా ఎంత పాతదంటే, కాళ్ల పట్టీలు పెట్టకుండా ఛాతీ పట్టీ పడని విధంగా కొన్ని కంపెనీలు హార్నెస్‌లనే మార్చి తయారు చేస్తున్నాయి. అలాంటివే వాడాలని జిల్లా యంత్రాంగం పట్టుబట్టవచ్చు. దానికి ఒక్క వాక్యం ఉత్తర్వు చాలు. అయినా రెండో మనిషి చూపు తప్పనిసరి. ఒకే పనిని రోజుకు పదిసార్లు చేసే చెయ్యి పదకొండోసారి చేశాననే భ్రమలో పడుతుంది. పైలట్ ఎంత నిపుణుడైనా ఈ భ్రమకు అతీతుడు కాడు. పైలట్ బిగించాలి, వేరొకరు ముట్టి చూడాలి, ఆ వేరొకరు చెయ్యి ఎత్తితేనే పరుగు మొదలవ్వాలి. విమానయానం దశాబ్దాల ప్రమాదాల నుంచి నేర్చుకున్న పద్ధతి ఇదే.

ఇప్పుడు మన నేల వైపు చూద్దాం. కరీంనగర్ చుట్టూ ఉన్నవి పెద్ద కొండలు కావు, చదును నేలలోంచి లేచిన గ్రానైట్ గుట్టలు. ట్యాండెమ్ వింగ్ నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు ఒక మీటరుకు పైగా దిగుతుంది. వంద మీటర్ల గుట్ట నుంచి దూకితే నిమిషంన్నర లోపే నేల. అంత తక్కువ సేపటికి ఎవరూ పెద్ద మొత్తం చెల్లించరు కాబట్టి వ్యాపారం ఇక్కడ సహజంగా వించ్‌తో తాడు కట్టి లాగడం వైపో, వీపున ఇంజిన్ ఉండే పారామోటార్ వైపో, మానేరు మీద పడవతో లాగే పారాసెయిలింగ్ వైపో మళ్లుతుంది. వాటిలో ప్రతిదానికీ దానిదైన ప్రమాదం ఉంది. వించ్ తాడు లాగుతుండగా వింగ్ పక్కకు తిరిగిపోతే లాగుడే దాన్ని నేలకు కొడుతుంది. ఆ క్షణంలో తాడు కోసే చెయ్యి ఎంత శిక్షణ పొందినదన్నదే ప్రశ్న. నీళ్ల మీద దిగితే తడిసిన గుడ్డ, దారాలు మనిషిని చుట్టేస్తాయి. వీపు వెనక మెత్త ఉన్న హార్నెస్ ముఖాన్ని నీటిలోకి తిప్పే అవకాశమూ ఉంది. లైఫ్ జాకెట్, సిద్ధంగా ఉన్న రక్షణ పడవ లేకుండా జలాశయం అంచున ఎగరనివ్వకూడదు. రామగుండం నుంచి నలుదిక్కులకూ పోయే హైటెన్షన్ తీగలు, క్వారీలు, వరి మడుల మధ్య బోరు మోటార్ల కరెంటు స్తంభాలు కూడా దిగే చోటును నిర్ణయిస్తాయి.

‘గుట్టలు చిన్నవే కదా, ప్రమాదమూ చిన్నదే’ అనుకోవడం ఇక్కడ పుట్టే మొదటి పొరపాటు. ఎత్తు తక్కువైతే పైలట్‌కు సరిదిద్దుకునే సమయం కూడా తక్కువే. రెక్కలో ఒక వైపు ముడుచుకుపోతే వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నవాడికి దాన్ని తెరుచుకునేలా చేయడానికి చాలినంత వ్యవధి ఉంటుంది, కుదరకపోతే రిజర్వ్ విసురుతాడు. నేలకు యాభై అరవై మీటర్లలో ఉన్నవాడికి రిజర్వ్ పూర్తిగా విచ్చుకునేలోపే నేల తగలవచ్చు. గుట్టకు గాలి తగిలే వైపు పైకి లేపుతుంది, దాని చాటున సుడులు తిరుగుతుంది. గుండ్రటి బండల మధ్య ఆ సుడులు మరింత చిందరవందరగా ఉంటాయి. ఆ వైపు దిగడానికి వస్తే అనుభవం ఉన్నవాడే తడబడతాడు.

ఆదిలాబాద్ వైపు పరిస్థితి వేరు. అక్కడ ఘాట్లకు ఎత్తు, లోయలకు అందం ఉన్నాయి. కింద టేకు అడవి ఉంది, కవ్వాల్ పులుల అభయారణ్యం ఉంది. అటవీ శాఖ ఒప్పుకోని చోట ఎగరడం కుదరదు. ఒప్పుకున్న చోట కూడా దిగడానికి చెట్లులేని మైదానం ఉండాలి, అడవిలో పడినవారిని ఆసుపత్రికి చేర్చే దారి ఉండాలి. ఉట్నూరు వైపు ఎక్కడో లోయలో వెన్నెముక దెబ్బతిన్న మనిషిని ఎంతసేపట్లో ఆదిలాబాద్‌లోని రిమ్స్ ఆసుపత్రికి చేర్చగలం అన్నదానికి జవాబు లేకుండా టేకాఫ్ స్థలం ఎంపిక చేయడం అర్థం లేని పని. ఆకాశం మాటకొస్తే ఆదిలాబాద్ వైమానిక స్థలంలో పౌర విమానాలకు 2025లో వైమానిక దళం సమ్మతి తెలిపింది. అంటే రేపు ఆ చుట్టుపక్కల గాల్లో ఎవరు ఎంత ఎత్తున ఉండాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి.

రుతువులు ఇంకో సంగతి చెబుతాయి. మార్చి నుంచి మే వరకు పొద్దెక్కేసరికి దక్కన్ నేల వేడికి గాలి కెరటాలుగా పైకి లేస్తుంది. పొలాల్లో లేచే దుమ్ము సుడులు దానికి కనిపించే గుర్తులు. పోటీల పైలట్లకు ఆ వేడి గాలి ఇంధనం. భయంతో బిగుసుకున్న ప్రయాణికుణ్ని ముందు కూర్చోబెట్టుకున్నవాడికి అది ఆపద. జూన్ తర్వాత వానలు, ఈదురుగాలులు. హిమాచల్‌లో ఏటా జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పారాగ్లైడింగ్ ఆపేస్తారు. ఇక్కడ ట్యాండెమ్‌కు అనువైన కాలం చలికాలపు పొద్దుటి గంటలు, కొద్దిపాటి సాయంత్రాలే. అంటే ఏడాది ఆదాయమంతా ఆ కొద్ది వారాల్లో, రోజుకు కొన్ని గంటల్లో రావాలి. గాలి అంతంతమాత్రంగా ఉన్న ఆదివారం నాడు కింద ముప్పై మంది టికెట్లతో నిలబడి ఉంటే పైలట్ మీద పడే ఒత్తిడి ఎంతో ఊహించవచ్చు. ఎగిరిన సార్ల లెక్కన జీతమిస్తే ఆ ఒత్తిడి రెట్టింపవుతుంది. భద్రత ఇక్కడే డబ్బుతో తలపడుతుంది. ఆ పోటీలో మనిషిని ఒంటరిగా వదిలేస్తే డబ్బే తరచుగా గెలుస్తుంది.

‘నిబంధనలు ఉన్నాయి కదా’ అన్నది మొదటి అభ్యంతరం. ఉన్నాయి. కేంద్రం 2022 జూన్‌లో జాతీయ వాయు క్రీడల విధానం తెచ్చింది. పారాగ్లైడింగ్, పారామోటార్ అందులో ఉన్నాయి. అఖిల భారత స్థాయిలో వాయు క్రీడల సమాఖ్యను, ఒక్కో క్రీడకు ఒక్కో సంఘాన్ని అది ప్రతిపాదించింది. మనుషులూ, సామగ్రీ నమోదు కావాలంది. హిమాచల్ అయితే ఇంకా ముందే, 2004లోనే ఏరో స్పోర్ట్స్ నియమాలు రాసుకుంది. 2015లో బీర్ బిల్లింగ్‌లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ నడిపింది. దేశంలో ఈ రంగంలో అంత అనుభవం ఉన్న రాష్ట్రం మరొకటి లేదు. అయినా ట్యాండెమ్‌లో ఒక బాలుడు మరణించాక 2022 జనవరిలో హైకోర్టు జోక్యం చేసుకొని, సాంకేతిక కమిటీ పరిశీలన అయ్యేదాకా ఎగరడాన్ని ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత డోభీ జరిగింది. 2025 జనవరిలో ధర్మశాల దగ్గర ఇంద్రునాగ్‌లో ఒక యువతి, అదే నెలలో గోవాలోని కేరి దగ్గర ప్రయాణికురాలు, పైలట్ ఇద్దరూ మరణించారు. నియమాలు స్థలాన్ని, సామగ్రిని, పైలట్‌ను ఒకసారి చూసి ఆమోదిస్తాయి. ప్రాణం మాత్రం ప్రతి టేకాఫ్ మీద ఆధారపడి ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఖాళీని పూడ్చే మనిషి ఎవరన్నది ఏ నియమావళీ గట్టిగా తేల్చలేదు.

తేల్చడం కష్టమేమీ కాదు. ప్రతి టేకాఫ్ స్థలానికి జిల్లా యంత్రాంగం నెల జీతం మీద ఒక లాంచ్ ఇన్‌ఛార్జిని పెట్టాలి. ఆయన స్వయంగా పారాగ్లైడింగ్ తెలిసినవాడై ఉండాలి, ఆపరేటర్ దగ్గర రూపాయి తీసుకునే వీలు ఉండకూడదు. గాలి వేగం కొలిచే పరికరం ఆయన దగ్గర ఉండాలి. ముందే ప్రకటించిన పరిమితి దాటితే ఆరోజుకు ఆకాశం మూసేయాలి. మూసినందుకు టికెట్ డబ్బు పూర్తిగా తిరిగివ్వడం ఆపరేటర్ బాధ్యతగా ఒప్పందంలోనే రాయాలి, లేకపోతే కోప్పడే పర్యాటకుడే ఒత్తిడికి తోడవుతాడు. పైలట్లకు ఎగిరిన సార్ల లెక్కన కాకుండా నెలసరి వేతనం ఉండాలి. ప్రాణం పోకుండా తప్పిపోయిన పొరపాట్లను, అంటే పట్టీ వదులుగా ఉండి టేకాఫ్‌కు ముందు పట్టుబడినవాటిని, పేర్లు లేకుండా నమోదు చేసి పైలట్లందరికీ చెప్పాలి. పెద్ద ప్రమాదం రాబోతోందని ముందుగా తెలిపేవి అవే.

రెండో అభ్యంతరం సాహస ప్రియులది. ‘తెలిసే వెళుతున్నారు, సంతకం పెట్టే ఎక్కుతున్నారు, మధ్యలో సర్కారు ఎందుకు?’ అంటారు. ఒంటరిగా ఎగిరేవాడి విషయంలో ఈ మాటలో బలం ఉంది. అతడికి తన ప్రమాదం తెలుసు. ట్యాండెమ్ ప్రయాణికుడికి గాలి, గుడ్డ, దారం గురించి ఏమీ తెలియదు. తెలియని దానికి పెట్టిన సంతకాన్ని సమ్మతి అనడం కష్టం. చట్టం కూడా అంత ఉదారంగా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఏకపక్ష ఒప్పందాలను ప్రశ్నించే వీలిచ్చింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. అయితే ఆ శిక్ష పడేది చివరగా బెల్టు బిగించిన కుర్రాడికి. అతణ్ని పరుగెత్తించిన ఏర్పాటు అలాగే మిగిలిపోతుంది.

మూడో అభ్యంతరం లెక్కలది. రాజీవ్ రహదారి మీద పోయే ప్రాణాలతో పోలిస్తే ఇదెంత అని. సంఖ్యల్లో నిజమే. కానీ రోడ్డు మీద వెళ్లడం బతుకుతెరువు, దాన్ని మానుకోలేం. ఆకాశాన్ని వినోదంగా అమ్ముతున్నది మనం, ఎగరాలో వద్దో ప్రతి పూటా నిర్ణయించే వీలు మన చేతిలో ఉంది. పైగా ఒక్క మరణం చాలు, ఆ ఊరి పర్యాటకం ఏళ్ల తరబడి కుదేలవడానికి. భద్రత ఖర్చును ఆ నష్టం పక్కన పెట్టి చూడాలి.

స్థానిక యువత ఉపాధి పేరుతో వచ్చే నాలుగో అభ్యంతరం మరింత గౌరవించదగ్గది. ఇంత కట్టుదిట్టం చేస్తే పెట్టుబడి ఉన్న బయటి కంపెనీలే నిలబడతాయి, ఆదిలాబాద్ గిరిజన యువకులకు టికెట్ చింపే పనే మిగులుతుందంటారు. ఆ భయానికి జవాబు నిబంధనలు సడలించడంలో లేదు, శిక్షణకు ప్రభుత్వం డబ్బు పెట్టడంలో ఉంది. ఈ రాష్ట్రానికి ఆ అనుభవం ఉంది. భువనగిరి కోట గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్లను కొండ మీదికి పంపే ముందు నెలల తరబడి తర్ఫీదు ఇచ్చారు, డార్జిలింగ్ పంపారు. అదే పట్టుదలతో ఉమ్మడి ఆదిలాబాద్ నుంచి ఇరవై మందిని ఎంపిక చేసి బీర్‌కు పంపితే, వారిలో కొందరు పైలట్లవుతారు, కొందరు లాంచ్ ఇన్‌ఛార్జులవుతారు, ఇంకొందరు దారాలు కొలిచే, గుడ్డ పరీక్షించే సాంకేతిక నిపుణులవుతారు. తెలుగు రాష్ట్రాల్లో ఎగిరే వింగ్‌లకు తనిఖీ కేంద్రం ఆదిలాబాద్‌లోనే పెట్టవచ్చు. ఆ కొలువులు సీజన్ అయిపోయాక కూడా ఉంటాయి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. ‘ఇంకో అధికారిని పెడితే ఇంకో మామూలు మొదలవుతుంది. జీతం మీద ఉన్నవాడు మధ్యాహ్నానికి వచ్చి పొద్దుటి రిజిస్టరు మీద సంతకం పెడతాడు’ అని. మన అనుభవం ఈ అనుమానాన్ని తీసిపారేయనివ్వదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటక బోటు మునిగి యాభైకి చేరువలో ప్రాణాలు పోయాయి. వారిలో వరంగల్ వైపు నుంచి వెళ్లినవారూ ఉన్నారు. నది ఉధృతంగా ఉన్న రోజున బోటును ఒడ్డునే ఆపాల్సిన అధికారం కాగితం మీద ఎవరికో ఒకరికి ఉండే ఉంటుంది, ఒడ్డున మాత్రం అది పనిచేయలేదు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోటు ఘాట్ల దగ్గరే కంట్రోల్ రూములు పెట్టింది. నిర్ణయాధికారం ఆఫీసులో కాకుండా రేవులో ఉండాలన్న పాఠం అన్ని ప్రాణాలు పోయాక వచ్చింది. అందువల్ల లాంచ్ ఇన్‌ఛార్జిని పెట్టడంతో పని పూర్తి కాదు. ఆయన పని జనానికి కనిపించాలి. గంట గంటకూ గాలి వేగం, ఎవరి వింగ్ ఏ తేదీన తనిఖీ అయింది, ఇవాళ ఎన్ని గంటలకు ఆపారు, ఎందుకు ఆపారు అన్నవి గుట్ట కింద బోర్డు మీద, జిల్లా వెబ్‌సైట్‌లో అదే రోజు ఉండాలి. మామూలు తీసుకున్నవాడు తప్పుడు సంతకం పెట్టగలడు, కానీ చెట్లు ఊగిపోతున్న సాయంత్రం ‘గాలి తక్కువ’ అని వంద మంది ఎదుట బోర్డు మీద రాయడం కష్టం.

ఈ ప్రాంతంలో పారాగ్లైడింగ్ ఎంత విజయవంతమైందో ఎలా కొలుస్తామన్నదే చివరి ప్రశ్న. ఇంతమంది ఎగిరారు, ఇంత ఆదాయం వచ్చిందన్న ప్రకటన ఏడాది చివర ఎలాగూ వస్తుంది. దాని పక్కనే ఇంకో లెక్క అడుగుదాం. ఎన్ని రోజులు ఆకాశం మూశారు, ఎన్ని వింగ్‌లను పక్కన పెట్టారు, ఎన్ని బెల్టులను టేకాఫ్‌కు ముందు సరిచేశారు? ఆ గడుల్లో సున్నాలు కనిపిస్తే ఎవరూ చూడటం లేదని అర్థం. ఉత్తర తెలంగాణలో ఒక్క ఏడాది కూడా గాలి అంత సవ్యంగా ఉండదు, ఒక్క సీజన్ కూడా దారాలు అంత మాట వినవు. కాబట్టి కరీంనగర్, ఆదిలాబాద్, నిర్మల్, ఆసిఫాబాద్ కలెక్టర్ల ముందుకు ఈ ఫైలు వచ్చినప్పుడు వరస ఇలా ఉండాలి: మొదట లాంచ్ ఇన్‌ఛార్జి పోస్టు, తర్వాత తనిఖీ రికార్డు, తర్వాత రక్షణ పడవ, అంబులెన్సు దారి, ఆ తర్వాతే ఆపరేటర్‌కు టెండరు. ఈ వరస తారుమారైతే టెండరు దక్కినవాడే మిగతా మూడింటినీ నిర్ణయిస్తాడు.